దసరాకు ఫుకెట్ దీవుల ప్యాకేజీ ఆపేశాం: హనుమకొండ ఆఫీసు నుంచి మా కస్టమర్లకు

హనుమకొండ, కాజీపేటతో పాటు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు నుంచి మా దగ్గర బుక్ చేసుకునే కుటుంబాలన్నిటికీ నమస్కారం. దసరా సెలవుల్లో పిల్లలకు సముద్రం చూపిద్దామని, ఫుకెట్ ప్యాకేజీ ఎంతని చాలామంది అడుగుతున్నారు. ఇక నుంచి దసరాకు ఫుకెట్ దీవుల టూర్ మేం అమ్మం. ఎందుకో చెబుతాం. మా పాత రేటు కాగితంలో మేం చేసిన తప్పులు కూడా ఇక్కడే సరిదిద్దుతున్నాం.

ఫుకెట్, క్రాబి రెండూ థాయ్‌లాండ్ పడమటి ఒడ్డున, అండమాన్ సముద్రం మీద ఉన్నాయి. మన చెరువులు నింపే నైరుతి రుతుపవనాలే అక్కడా కొడతాయి, మే నుంచి అక్టోబర్ దాకా. వాన ఒక్కటే అయితే ఫర్వాలేదు, అక్కడ వాన పడి వెలుస్తూ ఉంటుంది. కష్టం అలలతో. గాలి సముద్రం మీంచి తిన్నగా ఒడ్డుకే వీస్తుంది కాబట్టి పటోంగ్, కరోన్, కటా బీచుల్లో ఎర్ర జెండాలు పాతేస్తారు. ఎర్ర జెండా ఉంటే నీళ్ళలోకి దిగొద్దని అర్థం. స్పీడ్ బోట్లు ఆ రోజు పొద్దున రద్దవుతాయి. దీనికితోడు ఫుకెట్ నుంచి బోట్‌లో పోయే ఫీఫీ దీవుల్లోని మాయా బే అనే బీచ్‌ను ఏటా ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలు మూసేస్తారు. సిమిలాన్ దీవులు మే 16 నుంచి అక్టోబర్ 14 దాకా తెరవరు. దసరా సెప్టెంబర్ చివర్లో పడితే రెండూ మూతే. అక్టోబర్ మధ్యలో పడ్డా సముద్రం ఇంకా కుదుటపడి ఉండదు. అంత ఖర్చు పెట్టి పోయి పిల్లలు హోటల్ ఈతకొలనులో ఆడుకుని రావడం మాకు నచ్చడం లేదు.

మరి ఎప్పుడు పోవాలి? డిసెంబర్ నుంచి మార్చి దాకా అండమాన్ వైపు నీళ్ళు తేటగా, నెమ్మదిగా ఉంటాయి. సంక్రాంతి సెలవులు సరిగ్గా అందులో పడతాయి. అయితే ఆ వారం హోటల్ రేట్లు బాగా ఎక్కువ, కాబట్టి దసరాకు పెట్టుకున్న పైసలతో అదే గది రాదు. ఎండాకాలం సెలవులే కుదిరే ఇళ్ళకు ఏప్రిల్ చివరి వారం మంచిది. ఉక్కపోత ఉంటుంది గానీ సముద్రం మర్యాదగానే ఉంటుంది. జూన్, జూలైలోనే పోవాలంటే తూర్పు వైపున ఉన్న కోసముయి దీవి చూడండి. అక్కడ లెక్క తలకిందులు. నెల్లూరును తడిపే ఈశాన్య రుతుపవనాలు దాన్నీ తడుపుతాయి, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, నవంబర్‌లో మరీ ఎక్కువ. సముయికి హైదరాబాద్ నుంచి నేరుగా పోలేం. బ్యాంకాక్‌లో దిగి ఇంకో విమానమో, సూరత్ థాని దాకా పోయి ఫెర్రీనో ఎక్కాలి. చిన్నపిల్లలుంటే ఈ తిప్పలు ముందే ఆలోచించుకోండి.

దసరాకు అడ్వాన్స్ కట్టినవాళ్ళకు మా దగ్గరున్న మొత్తం వెనక్కిస్తాం, లేదా జనవరికి మారుస్తాం. విమానం టికెట్ ఇప్పటికే తీసి ఉంటే రద్దు చార్జి విమాన సంస్థ పట్టుకుంటుంది. అది మా చేతిలో లేదు.

ఇక రేటు కాగితం. 'అన్నీ కలిపి' అని రాయడం మా తప్పు. అందులో మూడు ఖర్చులు లేవు. ఒకటి, ఫీఫీ జాతీయ పార్కు ప్రవేశ రుసుము, విదేశీయులకు పెద్దలకు 400 బాట్లు (థాయ్ డబ్బు), పిల్లలకు 200. నలుగురున్న ఇంటికి 1,200 బాట్లు పడవ దగ్గరే కట్టాలి. రెండు, ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కు కారు. ఫుకెట్ విమానాశ్రయం దీవికి ఉత్తరం కొసన ఉంది, పటోంగ్ బీచ్ అక్కడి నుంచి దాదాపు 35 కిలోమీటర్లు. మూడు, టీసీఎస్. విదేశీ ప్యాకేజీ మీద ప్రభుత్వం తరఫున మేం వసూలు చేసే ఈ పన్ను మాకు మిగిలేది కాదు. మీ పాన్ నంబర్ మీద జమవుతుంది, ఆదాయపు పన్ను రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందొచ్చు. కాబట్టి ఇంట్లో రిటర్న్ వేసేవాళ్ళ పాన్ ఇవ్వండి. రిటర్న్ వేయని తాతయ్య పాన్ ఇస్తే ఆ పైసలు అక్కడే ఆగిపోతాయి. కొత్త కాగితంలో ఈ మూడూ, మా సర్వీస్ చార్జి కూడా వేరువేరు వరుసల్లో ఉంటాయి.

పాస్‌పోర్ట్ సంగతి కొంచెం ఓపికగా చదవండి. బుకింగ్‌లు ఎక్కువగా చెడేది ఇక్కడే. పోయే రోజుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కొత్తది తీసుకోవాలంటే పెద్దలకు 36 పేజీలది 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రం ఉంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు ఉండటం మామూలే, ఆధార్ చూసి టికెట్ తీస్తే కౌంటర్ దగ్గర ఆపుతారు. పెళ్ళయిన ఆడపిల్లల పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటే టికెట్ కూడా అదే పేరుతో తీయాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్ళకు ఇంకో మాట. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ చాలావరకు ఈసీఆర్ రకం, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి (ఇమిగ్రేషన్ క్లియరెన్స్) కావాలి. ఉద్యోగానికి పోతే ఇమిగ్రేషన్ క్లియరెన్స్ కావలసిన 18 దేశాల్లో గల్ఫ్ దేశాలతో పాటు థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఉన్నాయి. టూర్‌కు పోయేవాళ్ళకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. కానీ శంషాబాద్‌లో అధికారి గుచ్చి గుచ్చి అడుగుతారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద అచ్చు తీసి చేతిలో పెట్టుకోండి, ఫోన్‌లో వెతుక్కుంటూ నిలబడొద్దు. అమ్మానాన్నలను వెంట తీసుకుపోయే కొడుకులు వాళ్ళతో ఒకే వరుసలో నిలబడండి.

థాయ్‌లాండ్ 2023 నవంబర్‌లో మనకు వీసా లేకుండా తలుపు తెరిచింది, 2024 జూలైలో గడువు 60 రోజులకు పెంచింది. ఈ రూలు మార్చే మాటలు వస్తూనే ఉంటాయి కాబట్టి టికెట్ తీసే రోజున ఆ దేశ రాయబార కార్యాలయం సైట్‌లో మేం మళ్ళీ చూసి, మీకూ చూపిస్తాం. 2025 మే 1 నుంచి మాత్రం ప్రతి ఒక్కరూ, చంటిపిల్లతో సహా, డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి. దిగే రోజుకు ముందు మూడు రోజుల లోపలే నింపాలి. ఒక్క పైసా ఖర్చు లేదు. ఏదైనా సైట్ మీ బ్యాంకు కార్డ్ నంబర్ అడిగిందంటే అది అసలు సైట్ కాదు, మూసేయండి.

సామాను గురించి క్లుప్తంగా. సకినాలు, సర్వపిండి నిశ్చింతగా పెట్టుకోండి. ఆవకాయ చేతి సంచిలో వద్దు, చెక్‌ఇన్ సూట్‌కేసులో రెండు కవర్లు చుట్టి పెట్టండి. చికెన్, మటన్ పచ్చళ్ళు, ఎండు కొబ్బరి ఇంట్లోనే ఉంచండి. పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతి సంచిలోనే. ఈ-సిగరెట్ థాయ్‌లాండ్‌లో నేరం.

హనుమకొండ నుంచి శంషాబాద్ దాదాపు 170 కిలోమీటర్లు. జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే ఊళ్ళోకి పోయే పని లేదు. దారికి మూడున్నర గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు, పంక్చరుకో ట్రాఫిక్‌కో ఒక గంట. విమానం వేళకు ఏడున్నర గంటల ముందు ఇంటి గడప దాటండి. చెక్‌ఇన్ కౌంటర్ కనీసం గంట ముందే మూసేస్తారు.

అక్కడ ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాట్లు లేదా అంతకన్నా ఎక్కువ కోస్తుంది. రోజుకు కొంచెం కొంచెం తీయకుండా ఒకేసారి తీయండి. మెషీన్ 'రూపాయల్లోనా, బాట్లలోనా' అని అడిగితే బాట్లే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్ళ ఇష్టం.

చివరగా సముద్రం. మనకు తెలిసిన నీళ్ళు చెరువువి, జంపన్న వాగువి. అక్కడ మోకాలి లోతు అంటే మోకాలి లోతే. సముద్రంలో మోకాలి లోతున నిలబడ్డ మనిషిని కూడా వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుక లాగేసి పడేస్తుంది. లోపలికి లాగే పాయలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదొద్దు, అలసిపోయి మునిగేది అందుకే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక అప్పుడు ఒడ్డుకు తిరగాలి. ఈత రానివాళ్ళు చెయ్యెత్తి కేకవేయాలి, బోటు వాళ్ళిచ్చిన లైఫ్ జాకెట్ నడుము బెల్టులు బిగించే ఉంచాలి. జెల్లీ చేప కుడితే రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు, వెనిగర్ పోయాలి. స్పీడ్ బోట్‌లో ముందు భాగం ఎగిరెగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు వెనక కూర్చోండి. గర్భిణులు ఎక్కొద్దు, ఫుకెట్‌లోని రస్సడా రేవు నుంచి ఫీఫీకి రెండు గంటల ఫెర్రీ ఉంది, అది నయం. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. మాయా బేలో ఈత నిషేధం, చూసి రావడమే. పగడాలను చంపే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ కలిసిన సన్‌స్క్రీన్‌ను జాతీయ పార్కుల్లో 2021 నుంచి నిషేధించారు. డబ్బా వెనక చదివి కొనండి. స్కూటర్ అద్దెకు తీసుకుంటే పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టొద్దు. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్‌లో మోటార్‌సైకిల్ లేకపోతే, పడ్డప్పుడు బీమా కంపెనీ ఆసుపత్రి బిల్లు కట్టదు.

సంక్రాంతి బుకింగ్ కోసం ఆఫీసుకు వచ్చేటప్పుడు అందరి అసలు పాస్‌పోర్టులు తీసుకురండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి ఇక మీదట టికెట్ తీయం.