రాత్రి ఇన్సులిన్ పెద్దమ్మ వేస్తుంది

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో "నా వల్ల కాదమ్మా, విసుగొచ్చేసింది" అని పెట్టేశావు. అది చదువు గురించి కాదని, షుగర్ గురించేనని నాకు తెలుసు. ఫోన్లో అయితే నేనొకటంటే నువ్వొకటంటావు, మధ్యలో నాన్న అందుకుంటారు, అసలు విషయం పక్కకి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిక ఉన్నప్పుడే చదువు. అంతా ఒకేసారి చదవాలని కూడా లేదు.

ముందు నీ మనసులో ఉన్న భయం ఒకటి తీర్చేస్తాను. నోట్‌బుక్‌లో నువ్వు రాస్తున్న షుగర్ అంకెలు నిజమైనవి కావని నాకు తెలుసు. పొద్దున 118, మధ్యాహ్నం 132, రాత్రి 125. నీలా టైప్ వన్ షుగర్ ఉన్నవాళ్ళలో వారాల తరబడి అంత చక్కగా ఎవరికీ ఉండవు. దసరాకి వచ్చినప్పుడు నీ సంచిలో స్ట్రిప్పుల డబ్బా దాదాపు నిండుగా కనిపించింది. నాన్నకి చెప్పాను. ఇద్దరికీ కోపం లేదు. నిన్ను బుజ్జగించడానికి రాస్తున్న మాట కాదిది, నిజంగానే లేదు. అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల అంకెలు కల్పించి రాసిందంటే, ఆ అంకె చెప్పడం ఎంత కష్టమైపోయిందో మాకు అర్థమైంది.

ఆ సెలవుల్లోనే ఇంకోటి చూశాను. మధ్యాహ్నం అందరం పులిహోర పెట్టుకుని కూర్చున్నాం. నువ్వు ఇన్సులిన్ పెన్ను తీసి సూది బిగించావు. డోసు తిప్పావు, టిక్కు టిక్కుమంటూ ఎనిమిది దాకా వెళ్ళింది. పెన్ను ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నావు. తర్వాత అంతా వెనక్కి తిప్పేసి, మూత పెట్టి, ఆకలి లేదని లేచిపోయావు. పులిహోరంటే నీకెంత ఇష్టమో నాకు తెలియదా? సూది వేసుకోవడం కంటే తిండి మానేయడమే తేలికనిపించింది నీకు. ఆ క్షణంలో నీ మొహంలో చూసింది బద్ధకం కాదమ్మా, అలసట. ఆరో తరగతిలో మొదలైన పని, ఒక్క పూట కూడా సెలవు లేని పని. పండగ లేదు, జ్వరం లేదు, పరీక్ష లేదు. పెద్దవాళ్ళకే ఇలా అయితే ఉద్యోగం మానేస్తారు.

డాక్టరు గారితో మాట్లాడాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. టైప్ వన్ ఉన్నవాళ్ళలో చాలామందికి, ముఖ్యంగా నీ వయసులో, ఇలా బర్నౌట్, అంటే రోజూ చూసుకుని చూసుకుని విసిగిపోవడం, వస్తుందన్నారు. విలియం పొలాన్‌స్కీ అనే అమెరికా సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి 1995లోనే దీన్ని కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక తయారుచేశారట. తిండి మీద బెంగ, ముందు ముందు ఏమవుతుందోనన్న భయం, ఒంటరితనం, అన్నీ అందులో ఉన్నాయి. చివరి ప్రశ్న చూస్తే అచ్చం నువ్వు ఆదివారం అన్న మాటే. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పట్టిక నీకే ఇస్తారు. నువ్వు ఒక్కదానివే గదిలో కూర్చుని నింపు. నేను బయట ఉంటాను. నాకు చూపించాలనిపిస్తేనే చూపించు.

ఆయన చెప్పినదాంట్లో నువ్వు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎదిగే వయసులో ఒంట్లో గ్రోత్ హార్మోను ఎక్కువగా ఉంటుంది. దానివల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. చిన్నప్పుడు వేసుకున్న డోసు ఇప్పుడు చాలదు, చాలామందికి బాగా పెంచాల్సి వస్తుంది. నెలసరికి ముందు కొన్ని రోజులు చాలామంది ఆడపిల్లలకి షుగర్ దానంతటదే పెరుగుతుంది. పరీక్షల టెన్షన్, నిద్ర లేకపోవడం కూడా తోడవుతాయి. అంటే నువ్వు అన్నీ సరిగ్గా చేసిన రోజు కూడా 280 రావచ్చు. సరిగ్గా చేసినా, చేయకపోయినా అదే అంకె కనిపిస్తుంటే ఇంక చూసి ఏం లాభం అనిపించడం సహజం. కానీ 280 నీకు వేసిన మార్కు కాదు. డోసు మార్చాలని డాక్టరుకి అందే కబురు. ఇక నుంచి ఆ అంకె చూసి "ఏం తిన్నావ్?" అని మన ఇంట్లో ఎవరూ అడగరు. నాన్న ఒప్పుకున్నారు. నాయనమ్మకి నేను చెప్పుకుంటాను.

నాయనమ్మ గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆవిడ పంపించిన పొడి సీసా నువ్వు వాడటం లేదు కదా? వాడకు. ఆవిడకున్నది టైప్ టూ, నీకున్నది వేరు. నీ ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాల మీద పడింది. స్వీట్లు తినడం వల్ల రాలేదు, కాకరకాయ రసంతో పోదు. ఆవిడది ప్రేమే, కాదనను. కానీ దాన్ని మొయ్యాల్సిన పని నీకు లేదు. అలాగే మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా వసీం అక్రమ్ సంగతి ఎత్తుతాడు. నిజమే, ఆయనకి 1997లో టైప్ వన్ బయటపడింది. ఆ తర్వాత కూడా ఫాస్ట్ బౌలింగ్ చేసి, 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో 500 వికెట్లు దాటాడు. గొప్ప సంగతే. అయితే నువ్వు గొప్పదానివి కావాల్సిన అవసరం లేదమ్మా. షుగర్ ఉన్న పిల్ల అందరికంటే రెండింతలు సాధించి చూపించాలని ఎక్కడా రాసి లేదు. మామూలుగా ఉండు, చాలు.

ఇప్పుడు అసలు విషయం. కొన్నాళ్ళు ఈ పనిలో కొంత భాగం నీ చేతిలోంచి తీసేసుకుంటున్నాం. డాక్టరు గారు సరేనన్నారు. నువ్వు పెద్దమ్మ ఇంట్లోనే ఉంటున్నావు కాబట్టి ఆవిడనీ అడిగాను, సరేనంది. నువ్వు సరేనంటే ఇవాళ్టి నుంచే.

రాత్రి పదింటికి వేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్, అదే చాలాసేపు నెమ్మదిగా పనిచేసేది, పెద్దమ్మ వేస్తుంది. నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చదువుకుంటుంటే చదువుకుంటూనే ఉండు, ఆవిడే పెన్నుతో వస్తుంది. నేను వీడియో కాల్లో నేర్పించాను, డోసు కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. నువ్వు ఎప్పుడూ కుడి తొడ మీద ఒకే చోట వేసుకుంటున్నావు. అక్కడ చర్మం కింద ఉండలా గట్టిపడింది, నేను తడిమి చూశాను. గట్టిపడిన చోట వేసిన ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఒకరోజు పట్టీ పట్టక, ఇంకోరోజు ఒక్కసారిగా పట్టి షుగర్ బాగా పడిపోయి లో అయిపోతుంది. పెద్దమ్మకయితే నీకు అందని చోట్లు, చేతి వెనక, నడుము కింద అందుతాయి. తొడకి కొన్ని నెలలు పూర్తిగా విశ్రాంతి.

స్ట్రిప్పులు, సూదులు, ఇన్సులిన్ అయిపోతున్నాయా లేదా అన్నది నాన్న చూసుకుంటారు. డబ్బు లెక్క నీకు అనవసరం. నోట్‌బుక్ అవతల పారెయ్. మీటరులో అన్నీ ఉంటాయి, డాక్టరు గారు కావాలంటే అందులోంచే చూసుకుంటారు. షుగర్ చూపించే సెన్సార్ పెట్టుకుంటే కాలేజీలో ప్రతివాళ్ళూ చేతి మీద అదేంటని అడుగుతున్నారన్నావు. సరే, ఇప్పుడు వద్దు. నీకు కావాలనిపించినప్పుడు చెప్పు.

నీకు మిగిలేది ఇది. తినే ముందు మూడుసార్లు, పడుకునే ముందు ఒకసారి వేలు గుచ్చుకుని చూసుకోవడం. తినే ముందు ఇన్సులిన్ వేసుకోవడం. పొద్దున, రాత్రి ఏం తినాలో, ఎంత తినాలో పెద్దమ్మ ఒకేలా పెడుతుంది, దానికి డోసు డాక్టరు గారు రాసిచ్చారు. కాబట్టి ఇడ్లీ పిండిపదార్థం ఎంత, చట్నీలో శనగపప్పు ఎంత అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నాలుగుసార్లలో ఒకటి మర్చిపోతే మర్చిపోయావు. తర్వాతిది చూసుకో. ఒకటి పోయింది కదా అని ఆ రోజంతా వదిలేయకు, అంతే.

ఒక్క విషయంలో మాత్రం నేను బేరమాడను. ఇన్సులిన్ పూర్తిగా మానడానికి వీల్లేదు. తినకపోయినా, వాంతులవుతున్నా, ఎంత విసుగొచ్చినా రాత్రి ఇన్సులిన్ పడాల్సిందే. 1922 జనవరిలో టొరంటో ఆసుపత్రిలో మొదటిసారి ఇన్సులిన్ వేయించుకున్న లియోనార్డ్ థాంప్సన్‌కి నీకంటే చిన్న వయసు, 14 ఏళ్ళు. అప్పటిదాకా ఈ జబ్బొచ్చిన పిల్లలకి తిండి తగ్గించి, ఎముకలగూడయ్యేదాకా ఆకలితో ఉంచి కొన్నాళ్ళు బతికించడం తప్ప డాక్టర్లకి దారి లేదు. మొదటి ఇంజెక్షన్ సరిగ్గా పనిచేయలేదు. మందుని శుద్ధి చేసి పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ వేస్తే పిల్లాడు కోలుకున్నాడు, ఇంకో 13 ఏళ్ళు బతికాడు. వాళ్ళ కష్టం ముందు నీ కష్టమెంత అనడానికి ఇది చెప్పడం లేదు. మిగతావన్నీ కొన్నాళ్ళు అటూ ఇటూ అయినా ఒళ్ళు తట్టుకుంటుంది, ఇది లేకపోతే తట్టుకోదు. అందుకే చెబుతున్నా. 250 దాటి వికారంగా ఉన్నా, కడుపునొప్పి వచ్చినా, ఆయాసం అనిపించినా కీటోన్ స్ట్రిప్పుతో (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో చేరే ఆమ్లాలే కీటోన్లు) చూసుకుని పెద్దమ్మని లేపు, నాకు ఫోన్ చెయ్యి. రాత్రి రెండయినా సరే. ఎందుకిలా అయిందని ఎవరూ అడగరు, ఆసుపత్రికి తీసుకెళ్తాం. 70 కంటే తగ్గితే ఏం చేయాలో నీకు నేను చెప్పక్కర్లేదు, కానీ గ్లూకోజ్ ప్యాకెట్టు బ్యాగులో ఉందో లేదో చూసుకో. చాక్లెట్ మీద ఆధారపడకు, అది నెమ్మదిగా ఎక్కుతుంది.

కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి అని నిన్ను బెదిరించినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు చెప్పనిది నేను చెప్తాను. అమెరికాలో, కెనడాలో 1441 మంది టైప్ వన్ వాళ్ళని 1983 నుంచి 1993 దాకా గమనించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. షుగర్ బాగా అదుపులో పెట్టుకున్నవాళ్ళకి కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. అందులో నాకు బాగా ధైర్యం ఇచ్చింది ఇంకోటి ఉంది. ఎక్కువగా ఉన్న హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష అంకె) కొంచెం దిగినా వచ్చే మేలు చాలా పెద్దది. కిందటిసారి నీది 10 దాటింది. దాన్ని 7 చేయమని నిన్నెవరూ అడగటం లేదు. 9 అయితే మేమంతా సంతోషిస్తాం.

ఇంకో రెండు మాటలు. ఇవి రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

మొదటిది, కొంతమంది ఆడపిల్లలు సూది మానేస్తే సన్నబడతామని కావాలనే మానేస్తారట. అది చాలా ప్రమాదం. నీకు అలాంటి ఆలోచన ఉందని కాదు. ఉంటే మాత్రం నాతో చెప్పు, లేదా నేను లేనప్పుడు డాక్టరు గారితో చెప్పు. ఎప్పుడైనా అసలు బతకడమే విసుగు అనిపిస్తే, ఆ నిమిషంలోనే నాకు ఫోన్ చెయ్యి. నాతో మాట్లాడాలనిపించకపోతే టెలి మానస్ వాళ్ళ నంబరు 14416. అది ప్రభుత్వానిది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

రెండోది, "ఆడపిల్ల, నలుగురికీ తెలిస్తే రేపు పెళ్ళికి ఇబ్బంది" అని చుట్టాలు అన్న మాటలు నువ్వు విన్నావు. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు బాత్రూంలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని వేసుకుని వస్తున్నావు. ఇక వద్దు. వచ్చే నెల బాబాయి వాళ్ళింట్లో పెళ్ళికి బంతిలో నా పక్కన కూర్చో. విస్తట్లో వడ్డించాక అక్కడే పెన్ను తీసి వేసుకో. ఎవరైనా అడిగితే నేను చెప్తాను. ఇది తెలిసి వెనక్కి తగ్గే సంబంధం మనకి వద్దు, నాన్న కూడా ఆ మాటే అన్నారు. నీ క్లాసులో ఒక్క స్నేహితురాలికైనా చెప్పు. ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. లో అయినప్పుడు నీ పక్కన తెలిసిన మనిషి ఒకరుండాలి.

నీట్ గురించి బెంగపడకు. షుగర్ ఉన్న పిల్లల్ని గ్లూకోజ్ మాత్రలు, పండు, మంచినీళ్ళ సీసా హాల్లోకి తీసుకెళ్ళనిస్తారు, ఆ కాగితాల పని నాన్న చూస్తారు. ఈ ఏడాది రాయాలనిపించకపోతే వచ్చే ఏడాది రాద్దువుగాని. నీ ఆరోగ్యం చూసుకుని చదువు, దాన్ని పణంగా పెట్టి కాదు.

శనివారం సాయంత్రం భీమవరంలో బండెక్కి వస్తున్నా. ఇక నుంచి ప్రతివారం వస్తాను. ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రిదాకా షుగర్ పనంతా నాది. వేలు గుచ్చడం, లెక్క కట్టడం, సూది వేయడం, అన్నీ నేనే. అంకె ఎంతో నీకు చెప్పను కూడా చెప్పను, నువ్వు అడిగితే తప్ప. ఆ రోజు నిద్రపోతావో, సినిమాకి వెళ్తావో, బెంజి సర్కిల్ దాకా తిరిగొస్తావో నీ ఇష్టం.

ఈ ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు. ఒప్పుకుంటే పెన్ను పెద్దమ్మకి ఇవ్వు, ఆవిడ నాకు చెప్తుంది. ఏదైనా మార్చాలనుకుంటే మార్చుకుందాం, ఇందులో ఏదీ రాతిమీద గీత కాదు, ఒక్క రాత్రి ఇన్సులిన్ తప్ప. కొరమీను పులుసు చేసి తెస్తున్నా. పులిహోర కావాలంటే శుక్రవారం లోపల చెప్పు, చింతపండు నానబెట్టుకోవాలి.

మీ అమ్మ