‘అమ్మవారు పోసింది’ అన్నప్పుడు ఏం చూడాలో నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మా మేడ మీద ముగ్గురు అమ్మాయిలు, హౌస్ సర్జన్లు, అద్దెకుంటున్నారు. మొన్న సాయంత్రం మాటల మధ్య, జ్వరంతోనూ ఒంటి నిండా పొక్కులతోనూ వచ్చిన రోగికి ఆటలమ్మా, ఎంపాక్సా (మొదట్లో మంకీపాక్స్ అనేవారు) అన్నది ఎలా తేలుస్తారని అడిగాను. మనిషిలో ఎంపాక్స్ వైరస్ 1970లో కాంగోలో తొలిసారి బయటపడిందని తడుముకోకుండా చెప్పారు గానీ, అరచేతులు, అరికాళ్ళు చూస్తామని, గడ్డం కింద, గజ్జల్లో బిళ్ళలు కట్టాయేమో తడిమి చూస్తామని ఒక్కరూ అనలేదు. ఆటలమ్మలో కొత్త పొక్కులూ, ఎండిన పక్కులూ పక్కపక్కనే ఉంటాయి. ఎంపాక్స్‌లో ఒకచోట లేచినవి చాలావరకు ఒకే దశలో ఉంటాయి. 2022 నుంచి దేశదేశాలకూ పాకిన రకంలోనైతే ఒక్కోసారి రెండు మూడు పొక్కులే, అవీ మర్మావయవాల దగ్గరే రావచ్చు. సిగ్గుపడి రోగి చెప్పడు, మొహమాటపడి విద్యార్థి అడగరు.

నా జబ్బ మీది మశూచి టీకా మచ్చ చూపిస్తే, బీసీజీదా (క్షయ టీకాదా) అని అడిగిందొక అమ్మాయి. తప్పు ఆమెది కాదు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975 నాటిది. 1980లో ప్రపంచమంతటా నిర్మూలన ప్రకటించారు; ఆ టీకాను అందరికీ వేయడమూ ఆగిపోయింది. ఎంపాక్స్ నుంచి కూడా కొంత కాపాడే ఆ టీకా ఈ పిల్లలకు పడలేదు. రేపు రోగిని ముందుగా తాకేది వాళ్ళే కదా అన్నదే నా బాధ.

2022 జూలైలో దేశంలో తొలి కేసు కేరళలో బయటపడింది. తిరుపతికి నలుమూలల నుంచీ రోజూ వేలమంది దర్శనానికి వస్తారు. మన పల్లెల్లో పొక్కు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అని వేపమండలు పెట్టి విడిగా పడుకోబెడతారు; ఆ విడిగా ఉంచడం మంచిదే. ఆ మాటను చులకన చేయకుండా, ఇంట్లో ఇంకెవరికైనా పోసిందా, గడిచిన 21 రోజుల్లో ఎక్కడికి వెళ్ళొచ్చారు అని వాళ్ళ మాటల్లోనే అడగడం విద్యార్థులకు రావాలి.

అనుమానం వస్తే ఎవరికి తెలియజేస్తారంటే ‘మా పీజీకి’, అంటే పై చదువు చదువుతున్న సీనియర్ డాక్టరుకు అన్నారు. అర్ధరాత్రి పీజీ అందుబాటులో లేకపోతే అన్నదానికి జవాబు రాలేదు. తిరుపతి, చిత్తూరుల్లోని వైద్య కళాశాలలు హౌస్ సర్జన్సీ మొదలయ్యే ముందే ఒక పూట కేటాయించి, గ్లౌజులు తొడుక్కుని పొక్కు నుంచి నమూనా తీయడం చేతితో చేయించాలని, జిల్లా వ్యాధి నిఘా విభాగం ఫోన్ నంబరును ప్రతి క్యాజువాలిటీ గోడ మీదా రాయించాలని కోరుతున్నాను.

– విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు, తిరుపతి