ఆ ఫొటోలో మాస్కు ఎక్కడ?

సంపాదకుడికి,

పసిపిల్లలకు ఊపిరి పోసే శిక్షణ గురించి గత వారం మీరు వేసిన వార్త, దాని పక్కన ఫొటో చూశాక నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఇక పట్టలేక రాస్తున్నాను. ఫొటోలో బ్యానరు ఉంది, అతిథులు ఉన్నారు, పూలగుత్తులు ఉన్నాయి. బల్లమీద శిశువు బొమ్మ కూడా ఉంది. ఒకాయన దాని ఛాతీమీద రెండు వేళ్లు ఆనించి కెమెరాకేసి నవ్వుతున్నారు. బొమ్మ ముఖాన మాస్కు లేదు. చేత్తో నొక్కి ఊపిరి పంపే అంబు బ్యాగు బల్ల చివర పూలగుత్తి కింద నలుగుతోంది. దీనికి మీరు పెట్టిన వ్యాఖ్య 'ఊపిరి పోసే విద్యలో తర్ఫీదు'. దేంతో పోస్తారండీ, పూలతోనా?

ఏడవని బిడ్డకు ముందు చెయ్యాల్సింది ఛాతీ నొక్కడం కాదు. నెలలు నిండి పుట్టిన నూరుమందిలో 85 మంది దాకా అర నిమిషంలోపే వాళ్లంతట వాళ్లే ఊపిరి అందుకుంటారు. ఇంకో పదిమంది ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే అందుకుంటారు. మిగతా ఐదుగురికి బ్యాగు, మాస్కు కావాలి. ఛాతీ నొక్కాల్సి వచ్చేది వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో. పసిగుండె నెమ్మదించేది చాలావరకు ఆక్సిజన్ అందకనే, గాలి లోపలికి వెళితే అదే పుంజుకుంటుంది. అందుకే మొదటి నిమిషం దాటకుండా బ్యాగు నొక్కడం మొదలుపెట్టాలంటారు. ఆ నిమిషాన్ని చాలాచోట్ల గొంతులో గొట్టం పెట్టి కెలకడానికే తగలేస్తారు. ఆ గొట్టంతో గొంతు లోతుల్లోని ద్రవాలు పీలిస్తే బిడ్డ గుండె ఇంకా నెమ్మదిస్తుంది. ఉమ్మనీటిలో మలం కలిసినా సరే, ప్రతి బిడ్డకూ గొట్టం వేసి పీల్చొద్దని 2015 నుంచీ చెబుతూనే ఉన్నారు. వినేదెవరు?

మీ వార్త ప్రకారం ఒక్క పూటలో వందమందికి పైగా శిక్షణ, రెండు బొమ్మలు. ఉపన్యాసాలు, సన్మానాలు తీసేసి మూడు గంటలూ సాధనకే ఇచ్చారనుకున్నా మనిషికి నాలుగు నిమిషాలు రావు. మాస్కు పట్టు కుదరడానికే అవి చాలవు. మాస్కు గడ్డం కొసను, నోటిని, ముక్కును కప్పాలి, కళ్లమీదికి పోకూడదు. బొటనవేలు, చూపుడువేలు అంచుమీద ఉండాలి, మిగతా వేళ్లు దవడ ఎముకను పైకి లేపాలి. కొత్తవాళ్ల వేళ్లు ఎముక వదిలేసి గడ్డం కింద మెత్తటిచోట గుచ్చుకుంటాయి, దాంతో గాలి దారి మూసుకుపోతుంది. మెడ వాసన చూస్తున్నట్టు కొద్దిగా ఎత్తి ఉండాలి. ఎక్కువ వంచినా మూతే, వాల్చినా మూతే. నిమిషానికి 40 నుంచి 60 సార్లు, ఛాతీ లేచేంత మేరకే నొక్కాలి. లేవకపోతే మాస్కు సర్దాలి, తల సర్దాలి, నోరు తుడిచి తెరవాలి, ఆ తర్వాతే ఒత్తిడి పెంచాలి. ఛాతీ లేస్తూ 30 సెకన్లు గాలి అందాక కూడా గుండె నిమిషానికి 60 సార్ల లోపే కొట్టుకుంటుంటే అప్పుడు ఛాతీ నొక్కుడు. అదీ ఫొటోలోలా రెండు వేళ్లతో కాదు, చేతులు ఛాతీ చుట్టూ వేసి రెండు బొటనవేళ్లతో.

మీరు బాక్సు కట్టి వేసిన 30:2 లెక్క, అంటే 30 ఛాతీ నొక్కులకు 2 ఊపిర్లు, అది కూడా అందరికీ ఒకటే కాదు. అప్పుడే పుట్టిన బిడ్డకు 3:1, అంటే నిమిషానికి 90 నొక్కులు, 30 ఊపిర్లు. కాస్త పెద్ద పిల్లలకు కాపాడేవాళ్లు ఇద్దరుంటే 15:2, ఒక్కరే ఉంటే 30:2. ఇక అప్పటికీ గుండె పుంజుకోకపోతే ఇచ్చే మందు అడ్రినలిన్. దాని ఆంపుల్‌లో ఒక మి.లీ.లో ఒక మి.గ్రా. ఉంటుంది. దాన్ని సెలైన్ కలిపి పది మి.లీ. చేసి కిలోకు 0.1 మి.లీ. ఇవ్వాలి. కంగారులో కలపడం మరిచి అదే కొలత ఎక్కించారా, పదింతలు వెళ్లిపోతుంది.

సామాను సంగతి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. బ్యాగు కడిగాక విప్పిన భాగాలు తిరిగి బిగిస్తారు, మూతి దగ్గరి పల్చటి రబ్బరు వాల్వు మాత్రం సింకు పక్కనే ఉండిపోతుంది. చూడ్డానికి బ్యాగు భేషుగ్గా ఉంటుంది, నొక్కితే గాలి పక్కనుంచి పోతుంది. అరచేత్తో మూతి మూసి నొక్కితే చేతికి ఒత్తిడి తగలాలి, ఒత్తిడి మితిమీరితే గాలి వదిలే పాప్-ఆఫ్ వాల్వు బుస్సుమనాలి, వదలగానే బ్యాగు ఉబ్బాలి. పది సెకన్ల పని. దీనికి రిజిస్టరు ఉండదు గానీ హాజరుకు మూడు రిజిస్టర్లుంటాయి. నేర్చిన చెయ్యి మూడు నుంచి ఆరు నెలల్లోనే పట్టు తప్పుతుంది, సర్టిఫికెట్టు రెండేళ్లు చెల్లుతుంది. పట్టు కుదిరిన నర్సును నెల తిరక్కుండా ఓపీ చీట్ల దగ్గర కూర్చోబెట్టే పెద్దలకు ఏం చెప్పగలం? హాలు, భోజనాలు, శాలువాలు మానేసి, వారానికి పది నిమిషాలు డ్యూటీ మారేవేళ లేబర్ రూమ్‌లోనే బొమ్మ పెట్టి సాధన చేయిస్తే సరిపోయేది. కాకపోతే దానికి బ్యానరు కట్టలేరు, మీ ఫొటోగ్రాఫరూ రాడు.

ఆ ఫొటో అసలు ప్రతి మీ దగ్గర ఉంటే కాస్త పెద్దది చేసి చూడండి. పూలగుత్తి కింద ఉన్న ఆ బ్యాగు మూతికి రబ్బరు వాల్వు ఉందా?

— ఒక పాత చందాదారు