మా ఊరి పేరు చదివిపెట్టిన పెద్దలకు

మా ముత్తాత రంగూన్ నుంచి తన తల్లికి రాసిన కార్డు మీది చిరునామా చదవలేక మిమ్మల్ని అడిగాను కదా, అది తేలింది. చదివిపెట్టిన మీ అందరికీ బరంపురం నుంచి మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

ఆయన గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి వెళ్లారు, తిరిగొచ్చి బరంపురంలో స్థిరపడ్డారు. సొంత ఊరేదో మాలో ఎవరికీ తెలియదు. మిగిలింది ఈ ఒక్క కార్డు. గొలుసుకట్టు రాత, వెలిసిన సిరా, దాని మీద తపాలా ముద్ర. నేను ‘ఉప్పలపాడు, పె.కిమిడి’ అని చదువుకున్నాను. పెద్దకిమిడి అంటే దిగపహండి కదా అని రెండేళ్లు అటువైపు ఊళ్లు తిరిగాను. మా ఇంటిపేరు విన్నవారే లేరు.

ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే తపాలా విభాగంలో) ఉత్తరాలు వేరుచేసే సార్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఊరి పేరు జోలికే పోలేదు. ముందు కింది పంక్తి చూశారు. నాకు అర్థంకాక వదిలేసిన ‘వ. నౌపడ’ అక్కడుంది. వయా నౌపడ, అంటే శ్రీకాకుళం వైపున్న నౌపడ రైల్వే స్టేషను మీదుగా. “దిగపహండి టపా బరంపురంలో దిగుతుంది, నౌపడ దాకా ఎందుకు పోతుంది బాబూ?” అన్నారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్న రైలు పడింది. అంటే అది ‘పె’ కాదు, పర్లాకిమిడిలోని ‘ప’. నేను ఎత్వమనుకున్నది పై పంక్తిలోని అక్షరం తోక!

ఊరి పేరు తేల్చింది పర్లాకిమిడి టీచరమ్మగారు. కార్డులోనే ‘నెలాఖరుకు’ అన్న మాటలోని ‘లా’ను చిరునామా పక్కన పెట్టి చూపించారు. అదే చేయి, అదే మలుపు. ‘పా’ లేనే లేదు. ఉప్పలాడ. పాడు అన్న ముగింపు నా కంటికి అలవాటు కాబట్టి లేని అక్షరాన్ని చదివాను.

జిల్లా సంగతి విడమరచిన, మీలోని తమ్ముడికీ రుణపడి ఉన్నాను. కార్డు మీద గంజాం అని ఉంటే నేను ఇప్పటి గంజాం పటంలోనే వెతికాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, నౌపడ మద్రాసు వైపే ఉండిపోయింది. 1992లో గంజాం నుంచి విడిపోయి పర్లాకిమిడి గజపతి జిల్లాలో చేరింది. పాత చిరునామా చదవాలంటే ఆనాటి పటం పక్కనే ఉండాలని అతను చెప్పేదాకా నాకు తట్టలేదు.

వచ్చే ఆదివారం నాన్నగారిని ఉప్పలాడ తీసుకెళ్తున్నాను. ఆయనకు ఎనభై ఒకటి. కార్డు తన జేబులోనే ఉండాలన్నారు. నిన్న పెట్టెలోంచి తీసి ఇచ్చాను.