కెజిక్‌లో మమ్మల్ని ఆదుకున్న అక్కకు

అక్కా, ఆ కంగారులో మీ పేరు అడగడం మరిచిపోయాను. ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్‌లో, చక్రాల కుర్చీలో నాన్నను పెట్టుకుని వానలో నిలబడిపోయినవాళ్లం మేమే. వీల్‌చైర్‌కు వీలుగా ఉంటుందని చెప్పి ఇచ్చిన బసకు గుమ్మంలోనే మూడు మెట్లు! "నా వల్లేగా మీకిన్ని తిప్పలు" అని నాన్న అంటుంటే నాకు నోట మాట రాలేదు. మా తెలుగు విని మీరు ఆగారు.

అక్కడే నిలబడి నాలుగు చోట్లకు ఫోన్ చేశారు. మీరడిగినవి నాకింకా గుర్తే: తలుపు వెడల్పెంత, స్నానాల గదిలో గట్టు లేకుండా నేల చదునుగా ఉందా, మంచం పక్కన కుర్చీ తిరిగే చోటుందా? బుక్ చేసేటప్పుడు నేను వీటిలో ఒక్కటీ అడగలేదు. ఇప్పుడైతే ఫొటోలు చూడందే డబ్బు కట్టను. రాడార్ తాళంచెవి సంగతీ మీరు చెబితేనే తెలిసింది. ఆ ఒక్క తాళంచెవితో బ్రిటన్ అంతటా వేలాది దివ్యాంగుల టాయిలెట్లు తెరుచుకుంటాయి.

మర్నాడు మీరు చెప్పిన త్రెల్కెల్డ్ దారిన వెళ్లాం. పాత రైలు మార్గం అది. 2015 తుఫానుకు వంతెనలు కొట్టుకుపోతే బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. నాన్న కాజీపేటలో ముప్పయ్యేళ్లు రైల్వేలో చేసిన మనిషి. గ్రీటా నది మీద వంతెన వచ్చినప్పుడల్లా కుర్చీ ఆపించి, ఇనుప దూలాలను తనివితీరా చూశారు.

"ఆ అమ్మాయి కనిపిస్తే చెప్పు, మళ్లీ లైను మీద తిరిగానని" అన్నారు ఆ రాత్రి.