ఆకు రాలిందని బెంగ పెట్టుకోకు

చిన్నా,

నీ మాగ్నోలియా పూలమొక్క ఆకులు పసుపుపచ్చబడి రాలుతున్నాయని ఫోన్లో తెగ టెన్షన్ పడ్డావు. కొత్త చిగురు వచ్చే రోజుల్లో పాత ఆకులు రాల్చేయడం దానికి అలవాటే. ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టంటే ఆకు రాల్చనిదని కాదు, అన్నీ ఒకేసారి రాల్చనిదని. లోపలి ముదురు ఆకులు రాలితే ఊరుకో. కొసన లేత ఆకులు వాడితే మాత్రం చెప్పు.

గోడ వారన నాటావు, మంచి పని. చలిగాలి సూటిగా తగిలితే అంత పెద్ద ఆకులకు అంచులు మాడిపోతాయి. కానీ గోడ పక్కకి వాన సరిగా చేరదు. అందుకని ఆకాశాన్ని చూసి కాదు, మట్టిలో వేలు గుచ్చి చూసి నీళ్లు పొయ్యి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, మొక్క మొదలు దగ్గర తవ్వొద్దు. నా మొదటి మొక్కని చోటు నచ్చలేదని రెండో ఏడు పీకి ఇంకోచోట నాటాను. దాని వేళ్లు తాళ్లలా లావుగా, మెత్తగా, నేల పైపైనే పాకి ఉంటాయి. పార తగిలి రెండు పుటుక్కున తెగాయి. ఆ తర్వాత మూడేళ్లు ఒక్క కొమ్మ వేస్తే ఒట్టు! రాలిన ఆకులనే ముక్కలు చేసి మొదలు చుట్టూ పరుచు. తోలులా ఉంటాయి, అలాగే వేస్తే ఓ పట్టాన కుళ్లవు. కాండానికి మాత్రం ఆనించకు.

పువ్వు సంగతంటావా, గింజ నుంచి పెంచితే పదేళ్లు, ఒక్కోసారి ఇరవై కూడా పడుతుంది. నీది అంటు మొక్క కాబట్టి అంతకాలం ఆగక్కర్లేదు. మన సంపెంగకి చుట్టమే ఇది, పువ్వు మాత్రం అన్నం పళ్లెమంత, 30 సెంటీమీటర్ల దాకా. నిమ్మ వాసన. వేలితో ముట్టుకోకు, ముట్టిన చోటల్లా గోధుమరంగు మచ్చ పడుతుంది. రెండో రోజుకి కేసరాలు అగ్గిపుల్లల్లా ఊడి రేకు దొప్పలో పడతాయి, అది చూడాల్సిందే. లోపల చిన్న పెంకుపురుగులు కనిపిస్తే మందు కొట్టకు, పుప్పొడి మోసేవి అవే.

ఆదివారం కింది కొమ్మ ఫొటో పంపు, ఆకు వెనకవైపు కూడా. అక్కడ తుప్పురంగు నూగు ఉంటే తెగులనుకోవద్దు. మీ నాన్న అలాగే అనుకుని తడిగుడ్డతో ఇరవై ఆకులు తుడిచారు.

అమ్మ