కారు డ్యాష్‌బోర్డు మీద 52 డిగ్రీలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన గురువారం మీ మొదటి పేజీలో వేసిన ఫొటో గురించి ఈ ఉత్తరం. ఈపాటికి జనం దాన్ని ఫోన్లలో ఒకరికొకరు పంపుకోవడం కూడా అయిపోయింది, ఇప్పుడెందుకీ గోల అంటారేమో. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు ఆగాను. వెయ్యలేదు సరికదా, ఆదివారం నాడు అదే అంకె పట్టుకుని 'వందేళ్ల రికార్డు బద్దలు' అని ఇంకో వార్త వేశారు. ఇక ఆగలేకపోయాను.

ఆ ఫొటోలో ఉన్నది ఒక కారు డ్యాష్‌బోర్డు. దాని మీద 52 అని ఉంది, మీరు దాన్నే ఊరి ఎండ అని వేశారు. కార్లలో బయటి వేడి కొలిచే సెన్సర్ మామూలుగా ముందు బంపర్ దగ్గర, జాలీ వెనక ఉంటుంది. కింద కాలిపోతున్న తారు రోడ్డు, వెనక ఇంజను. సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడ్డ కారు తన వేడి తాను చెబుతుంది, అంతే. దాన్ని ఊరి ఉష్ణోగ్రత అనడం, పొయ్యి పక్కన కూర్చున్నవాడి నుదురు తడిమి ఊరందరికీ జ్వరం అని తేల్చినట్టుంది.

అదే రోజు నా థర్మామీటరులో గరిష్ఠం 43.2. తక్కువేం కాదు. మనిషి వడదెబ్బకు పడిపోవడానికి అది చాలు, 52 దాకా వెళ్లనక్కర్లేదు. ఉన్న ఎండ మీకు సరిపోలేదా అనేదే నా బాధ.

నేను శాస్త్రవేత్తను కాను. పద్నాలుగేళ్లుగా రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత, తేమ, వాన కొలిచి నోటు పుస్తకంలో రాసుకునే మనిషిని. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అంటారు, కాదనను. కానీ ఈ పిచ్చికి కొన్ని నియమాలున్నాయి. వాతావరణ వార్తల్లో ఉష్ణోగ్రత అంటే నీడలో ఉన్న గాలి ఉష్ణోగ్రత. నేల నుంచి 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల ఎత్తులో, గాలి ఆడే తెల్ల పెట్టెలో కొలవాలని ప్రపంచ వాతావరణ సంస్థ చెబుతుంది. చుట్టూ రెక్కల తలుపులున్న ఆ పెట్టెను 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ అనే లైట్‌హౌస్ ఇంజనీరు తయారు చేశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎండలో వేలాడదీసిన థర్మామీటరు గాలి వేడిని చెప్పదు, తన ఒంటి వేడిని చెబుతుంది. ఫోన్లో కనిపించే అంకె కూడా చాలాసార్లు మీ వీధిలో కొలిచింది కాదు, ఎక్కడో కంప్యూటరు లెక్కగట్టింది.

ఒక్క రీడింగు తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. 1922 సెప్టెంబరు 13న లిబియాలోని అల్ అజీజియాలో 58 డిగ్రీలు నమోదైందని 90 ఏళ్లు ప్రపంచమంతా చెప్పుకుంది. చివరికి 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టేసింది. ఆ రోజు వాడింది సిక్స్ అనే ఆయన పేరుతో ఉన్న పాతకాలపు థర్మామీటరు. అందులో పాదరసం ఒక చిన్న సూచికను పైకి నెడుతుంది, ఆ సూచిక కింది కొన దగ్గర రీడింగు చూడాలి. అనుభవం లేని మనిషి పై కొన చూసి ఉంటాడని, దాంతోనే 7 డిగ్రీల దాకా తేడా వచ్చి ఉంటుందని తేల్చారు. నవ్వకండి, నా దగ్గరున్నదీ అలాంటిదే. కొన్న కొత్తలో రెండు వారాల పాటు నేనూ పై కొనే చూశాను. ఆ రెండు వారాలూ పుస్తకంలో ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. పద్నాలుగేళ్లయినా ఆ పేజీలు చించలేదు. తప్పు రాస్తే కొట్టేయాలి, కొట్టేసినట్టు కనబడాలి. మీ పత్రికకు ఇదెందుకంత కష్టమో నాకర్థం కాదు.

వందేళ్ల రికార్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వార్తలో మీరు చెప్పిన కొలత కేంద్రం పెట్టి పట్టుమని పదకొండేళ్లు. పదకొండేళ్ల పిల్లవాడు వందేళ్ల జ్ఞాపకాలు చెబుతుంటే ఎవరూ ఆపి అడగలేదా? సగటుతో పోల్చాలంటే 30 ఏళ్ల లెక్కలు కావాలి. ఇప్పుడు లోకమంతా వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా ఉన్న సగటు. ఆ మాట మీ వార్తలో భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు.

ఇంకొకటి. వడగాలుల రోజుల్లో మీరు ఎప్పుడూ మధ్యాహ్నం అంకె వేస్తారు, రాత్రి కనిష్ఠం వెయ్యరు. అసలు చంపేది రాత్రి. పగలంతా కాగిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మర్నాటికి తట్టుకుంటుంది. 2003 ఎండాకాలంలో యూరప్‌లో 70 వేల మందికి పైగా చనిపోయారని అంచనా. చాలామంది ముసలివాళ్లు, ఇళ్లలో ఒంటరిగా ఉన్నవాళ్లు. రాత్రులు చల్లబడకపోవడం ఆ చావులకు ఒక పెద్ద కారణం. మొన్న వరసగా ఐదు రాత్రులు నా దగ్గర కనిష్ఠం 31కి దిగలేదు. అది వార్త కాదు. కారు డ్యాష్‌బోర్డు వార్త.

ఇక పొగ. అడవి తగలబడిన వారం సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. సూర్యుడు పొద్దున ఎనిమిదింటికి కూడా నిమ్మపండులా కాక నారింజపండులా ఉన్నాడు, ఆరేసిన బట్టలకు కాలిన వాసన. సంబంధిత అధికారి మీ విలేకరితో 'అది పొగమంచు మాత్రమే, టెన్షన్ పడొద్దు' అన్నారు. మీరు అచ్చేశారు. అయ్యా, పొగమంచు పట్టాలంటే గాలిలో తేమ దాదాపు నూటికి నూరు ఉండాలి. అంటే నా దగ్గరున్న రెండు థర్మామీటర్లు, మామూలుగా ఉండే పొడి బల్బు, తడిగుడ్డ చుట్టిన తడి బల్బు, ఇంచుమించు ఒకే అంకె చూపాలి. ఆ ఉదయం పొడి బల్బు 26, తడి బల్బు 19. తేమ సగానికి కాస్త అటూ ఇటూ. అంత పొడి గాలిలో మంచు ఎలా నిలిచిందో ఆ అధికారి గారు చెబితే కొత్త శాస్త్రం రాసుకోవచ్చు.

అది చెబుతూ అధికార కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబొచ్చింది. మంట ఇక్కడికి చాలా దూరం కాబట్టి పొగ వచ్చే అవకాశం లేదట. 2023 జూన్‌లో కెనడా అడవులు తగలబడితే న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. 2019-20 ఆస్ట్రేలియా మంటల పొగ పసిఫిక్ మహాసముద్రం దాటి దక్షిణ అమెరికా చేరింది. పొగకు దూరం అడ్డమా? మిగతా రెండు ఉత్తరాలూ 'సంబంధిత విభాగానికి' వెళ్లాయట. వెళ్లినవి వెళ్లినట్టే ఉన్నాయి. కూడలిలో పెట్టిన గాలి నాణ్యత బోర్డు మాత్రం ఆ వారమంతా రాత్రీ పగలూ ఒకే అంకె చూపించింది. పాడైందో, పనిచేస్తూనే అలా ఉందో చెప్పే నాథుడు లేడు.

మీ వార్తలో ఇంకో పొరపాటు. గాలి నాణ్యత సూచీ 180 అని ఉంటే 'గాలిలో 180 మైక్రోగ్రాముల ధూళి' అని రాశారు. సూచీ వేరు, మైక్రోగ్రాములు వేరు. సూచీ లెక్కగట్టే పద్ధతి దేశానికో రకం. పైగా ఆ అంకె ఒక్క క్షణానిది, దాన్ని తీసుకెళ్లి సన్నటి ధూళికి (పీఎం 2.5) ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాముల హద్దు పక్కన పెట్టారు. ఆ 15 అనేది 24 గంటల సగటు. నా దగ్గరున్న చిన్న సెన్సర్ నూరు శాతం నిజం చెబుతుందని నేననను. అది లేజర్ వెలుగు రేణువుల మీద పడి చెదిరే తీరును బట్టి లెక్కగడుతుంది. తేమ ఎక్కువైతే నీటి తుంపరల్ని కూడా ధూళి అనుకుంటుంది, పొగ పట్టినప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. అందుకే నా పుస్తకంలో ఆ అంకెల పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. మీ పత్రికలో ఆశ్చర్యార్థకాలు తప్ప ప్రశ్నార్థకాలు చూసి ఎన్నాళ్లయిందో.

ఒకప్పుడు మీ పేపర్లోనే చివరి పేజీలో అగ్గిపెట్టెంత గడి ఉండేది. గరిష్ఠం, కనిష్ఠం, తేమ, వాన, సూర్యోదయం, సూర్యాస్తమయం. నేను ఈ పిచ్చిలో పడింది ఆ గడి చూసే. మొదట్లో రోజూ నా అంకెను దానితో పోల్చుకునేవాణ్ణి, అర డిగ్రీ తేడాలో ఉంటే ఆ రోజంతా హుషారు. దాన్ని ఎప్పుడు తీసేశారో, ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. ఆ చోట ఇప్పుడు రాశిఫలాలు రెండు వరసలు పెరిగాయి. వాటికీ కొలత పెట్టె ఏమైనా ఉందా?

నేనడిగేది పెద్దదేం కాదు. 52 తప్పని ఒక్క ముక్క వెయ్యండి. లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో వేసినా సరే. ఉష్ణోగ్రత వేసిన ప్రతిసారీ ఎక్కడ కొలిచారో, ఎన్ని గంటలకో, దేనితోనో పక్కన రాయండి. వీలైతే ఆ గడి మళ్లీ పెట్టండి. నా పుస్తకాలు చూడాలనుకుంటే మీ విలేకరిని పంపండి, ఎర్ర సిరా పేజీలతో సహా చూపిస్తాను. కారు మాత్రం నీడలో పెట్టమనండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు